అల్లుడుగారి బుట్ట

గుడ్డ లాగే పని గుసగుసకి అప్పజెప్పారు.

కొత్త బోర్డు మీద నీలం గుడ్డ కప్పి ఉంది. దాని ఒక మూలకి పురికొస కట్టి, రెండో కొస తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు క్లబ్బు సెక్రటరీ. “నువ్వే లాగాలి తల్లీ. ఐదో బుట్ట దగ్గర నీ చెయ్యి పడకుండా ఏ పనీ జరగలేదు కదా” అన్నాడు. చుట్టూ నిలబడ్డవాళ్లు నవ్వారు. మంచి నవ్వే. గుసగుస తల వంచుకుని పురికొసని వేలికి చుట్టుకుంది. అమ్మ కుట్టిచ్చిన కొత్త చొక్కా మెడ దగ్గర గీరుకుంటోంది.

ఆమె మాట ఎప్పుడూ పక్కనున్న మనిషిని దాటి పోదు. అందుకే పార్కులో అందరూ గుసగుస అంటారు. గడ్డి కోసే మిషను నడిపే మేనమామ పెట్టిన పేరది. ఆయన వెనకాలే వచ్చి ఆమె ఈ ఆట పనులన్నీ నేర్చుకుంది. ఆట చిన్నదే. సిమెంటు దిమ్మె మీద నిలబడి పళ్లెం లాంటి డిస్కుని విసరాలి. దూరంగా ఇనప స్తంభానికి గొలుసులు వేలాడుతూ ఒక బుట్ట ఉంటుంది. తక్కువ విసుర్లలో డిస్కుని ఆ బుట్టలో వేసినవాళ్లది గెలుపు. పార్కు నిండా అలాంటి దిమ్మెలూ బుట్టలూ ఉన్నాయి. ఏటా పెద్ద పోటీకి ముందు, ఊరికే వచ్చి పని చేసేవాళ్లలో అందరికంటే ఎక్కువ కష్టపడిన ఒకరిని ఎంచి, ఒక బుట్టకి వాళ్ల పేరు పెడతారు. దిమ్మె పక్కన బోర్డు మీద ఆ పేరు ఎప్పటికీ ఉంటుంది. పోటీ రోజు ఆ మనిషే ఆ బుట్ట దగ్గర జెండాలు పట్టుకుని నిలబడాలి. ఆ క్లబ్బులో అంతకు మించిన మర్యాద లేదు.

ఈ ఏడు ఐదో బుట్ట అనగానే ఎవరికీ అనుమానం రాలేదు. చలికాలం మొదట్లో అక్కడ ముళ్లపొదలు తప్ప ఏమీ లేవు. “ఇందులోకి దిగితే నా మిషనుకి పళ్లూడతాయి” అని మామయ్య చేతులెత్తేశాడు. గుసగుస కొడవలీ చేతిరంపమూ తీసుకుని దిగింది. పొదల మొదళ్లు కోసింది, వేళ్లు తవ్వి పీకింది, గుంటలు పూడ్చి చెక్కపొట్టు పరిచింది. బొటనవేలిలో విరిగిన ముల్లు ఇంకా నల్లచుక్కలా కనిపిస్తూనే ఉంది.

“ఊఁ, లాగు” అన్నాడు సెక్రటరీ.

లాగింది. గుడ్డ జారి ఆమె కాళ్ల మీద పడింది.

బోర్డు మీద ‘ముళ్లపొదని ఆటస్థలంగా మార్చిన శ్రమజీవి’ అని ఉంది. దాని కింద అల్లుడుగారి పేరు.

సెక్రటరీకి చిన్నల్లుడు ఆయన. సెక్రటరీ ఒక్కడికే అల్లుడైనా అందరూ అల్లుడుగారనే పిలుస్తారు. చలికాలంలో ఒక్కసారి వచ్చాడు, చేతులకి కొత్త తొడుగులు వేసుకుని. గుసగుసని అడిగి రంపం తీసుకుని, ఆమె కోసి పడేసిన మొద్దు మీద కాలు పెట్టి ఫొటో దిగాడు. రంపం తిరిగిచ్చేసి వెళ్లిపోయాడు. ఆ ఫొటో క్లబ్బు గోడ మీద ఉంది.

చప్పట్లు కాస్త ఆలస్యంగా మొదలయ్యాయి. గుసగుస చేతులు కూడా కొట్టాయి. పురికొస ఇంకా వేలికి చుట్టుకునే ఉంది, వేలి చివర ఎర్రబడింది. “మా ఇంటివాడని చెప్పడం కాదు గానీ...” అని సెక్రటరీ మొదలుపెట్టాడు. ఆయన రెండో మాటలో ఉండగానే మామయ్య వెళ్లి గడ్డి మిషను స్టార్టు చేశాడు. మిగతా ఉపన్యాసం ఎవరికీ వినపడలేదు. చివర్లో సెక్రటరీ గుసగుస వైపూ ఇంకా ఇద్దరు ముగ్గురి వైపూ చెయ్యి ఊపాడు. పిల్లలు కూడా సాయం చేశారని అన్నట్టుంది.

*

అమ్మ కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో ప్యాంటు పొడవు తగ్గిస్తోంది. గుసగుస లోపలికి వెళ్లి పాత చొక్కా తొడుక్కుని, కొత్తది తెచ్చి మేకుకి తగిలించింది.

“అదేంటే, అప్పుడే విప్పేశావు? బోర్డు వేశారా?”

“వేశారు.”

“పేరు తప్పుల్లేకుండా రాశారా?”

“తప్పుల్లేవు. అల్లుడుగారి పేరు రాశారు.”

మిషను మీద అమ్మ పాదం ఆగిపోయింది. సూది గుడ్డలో దిగి అలాగే ఉండిపోయింది.

“ఏ అల్లుడు? రంపం పట్టుకుని ఫొటో దిగాడన్నావే, వాడా?”

గుసగుస తల ఊపింది.

“అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. వీడికి అత్త సొమ్ము కూడా చాల్లేదు, నా కూతురి రెక్కలు కావలసొచ్చాయి.” అమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. “పద. ఇప్పుడే వెళ్లి అడుగుదాం.”

“వద్దమ్మా.”

“నేనడుగుతా. నువ్వు పక్కన నిలబడు, చాలు.”

“వద్దు.”

“అడగందే అమ్మైనా పెట్టదంటారు. నోట్లో నాలుక లేని పిల్లని కన్నాను, నా ఖర్మ. ఇంతకీ ఆ బోర్డు మీద గుడ్డ ఎవరు తీశారు?”

గుసగుస మేకుకున్న చొక్కాని సర్దింది. అమ్మ ఆమె వేలి మీద పురికొస కోసిన గీత చూసింది. పాదం మళ్లీ కదిలింది గానీ కుట్టు వంకర పోయింది. ఆ వరసంతా విప్పాల్సి వచ్చింది.

గుసగుస ప్యాంటు ఒళ్లో పెట్టుకుని, కత్తెర కొసతో ఒక్కో పోగునీ పైకి లేపి తెంపుతూ కూర్చుంది. అమ్మ కంటే మెల్లగా, అమ్మ కంటే శుభ్రంగా విప్పుతుంది ఆమె. చేతులు ఆ పని మీద ఉన్నాయి, బుర్ర బోర్డు మీద ఉంది. పేరు ఎందుకు పెడతారు? నలుగురి నోళ్లలో నానాలని. సరే, నానాలి. పోటీకి వచ్చిన ప్రతి మనిషి నోట్లోనూ ఆ పేరు నానాలి. వాళ్లు దాన్ని ఎలా పలుకుతారో తను చూసుకుంటుంది. అప్పుడు ఆ బుట్ట ఎవరు కట్టారని అందరూ అడుగుతారు. అల్లుడుగారు తన నోటితోనే చెప్పాలి, నేను కాదని.

“నవ్వుతున్నావేంటే?” అంది అమ్మ.

“ఏం లేదు” అంది గుసగుస. చివరి పోగు తెంపి, దారాన్ని ఉండ చుట్టి పడేసింది.

*

పోటీకి ముందు రోజు హద్దు తాళ్లు కట్టాలి. చిన్న చిన్న కర్రలు పాతి, వాటి మధ్య తాడు లాగి కడతారు. డిస్కు తాడు దాటిపోతే ఒక విసురు నష్టం. మోకాళ్ల మీద పాకుతూ చేసే పని కాబట్టి దాని కోసం ఎవరూ పోటీ పడరు. ఎప్పుడూ గుసగుసే కడుతుంది.

సెక్రటరీ గుడారాలు వేసేవాళ్లతో తగువు పడుతున్నాడు. ఆమె వెళ్లి ఆయన మోచేతి దగ్గర నిలబడింది.

“ఐదోది ఈ ఏడే కొత్త కదండీ. బుట్ట ఎక్కడ పెట్టమంటారు? తాడు ఎక్కడ కట్టమంటారు?”

“ఆఁ?”

మళ్లీ అడిగింది.

“నీ ఇష్టం తల్లీ” అన్నాడు, ఆమె వైపు చూడకుండానే. “చూడ్డానికి బాగుండాలి, అంతే. మావాడు నిలబడేది అక్కడే కదా, ఫొటోలు తీస్తారు.”

“నా ఇష్టమేనా అండీ?”

“నీ ఇష్టమే, నీ ఇష్టమే.”

బుట్ట స్తంభం దింపడానికి నేలలో మూడు చోట్ల ఇనప గొట్టాలు పాతి ఉన్నాయి. మొదటిది బయలులో ఉంది. చిన్నపిల్లలు కూడా వేసేయగలరు. రెండోది చెట్టు పక్కన. మూడోది మిట్ట దాటాక, వాగు ఒడ్డున. ఎప్పుడైనా పెద్ద ఆటగాళ్లు వస్తే పనికొస్తుందని మామయ్య సిమెంటు పోసి పాతాడు గానీ, దాని మూత ఇంతవరకూ ఎవరూ తీయలేదు. గుసగుస ఆ మూత తీసింది. లోపల సాలీడు గూడు ఉంటే పుల్లతో తిప్పి తీసేసింది. మామయ్య తోపుడు బండి మీద బుట్ట తెచ్చాడు. ఇద్దరూ చెరో వైపూ పట్టి లేపి, స్తంభాన్ని గొట్టంలోకి దింపారు. గొలుసులు ఒక్కసారి ఘల్లుమని ఆగాయి. ఆమె మోకాళ్ల మీద కూర్చుని స్పానరుతో బోల్టు బిగించింది.

తర్వాత తాడు. వాగు గట్టున కర్రలు పాతితే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. ఆమె గట్టున పాతలేదు. సంచిలోంచి పాత డిస్కులు తీసి బుట్ట చుట్టుపక్కల ఒక్కొక్కటిగా నేల మీద జారవిడిచింది. ఆ నేల వాలు. డిస్కులు కాస్త తటపటాయించి, వాగు వైపు మెల్లగా జారి, ఒక చోట ఆగాయి. అవి ఆగిన చోటికి జానెడు ఇవతల కర్ర పాతింది. మళ్లీ జారవిడిచింది. మళ్లీ కర్ర మార్చింది. చివరికి నేల మీద చెంప ఆనించి, ఒక కన్ను మూసి తాడు వెంట చూసింది. తాడు గీత గీసినట్టుంది. జారిన ప్రతి డిస్కూ దానికి అవతలే ఉంది.

ఇంక కొమ్మ మిగిలింది. దిమ్మెకీ బుట్టకీ మధ్య ఒక చెట్టు కొమ్మ కిందికి వాలి, తిన్నగా విసిరే దారికి అడ్డంగా ఉంది. ఇవాళ కోయాలని సుద్దముక్కతో గుర్తు కూడా పెట్టుకుంది. నిచ్చెన వేసుకుని ఎక్కింది, రంపం పళ్లు బెరడుకి ఆనించింది. కాసేపు అలాగే ఉంది. తర్వాత రంపం నడుముకి తగిలించుకుని దిగి వచ్చేసింది.

దిమ్మె మీద నిలబడి చూసుకుంది. తిన్నగా విసిరితే కొమ్మ. కొమ్మ కింద నుంచి విసిరితే మిట్ట. మిట్ట మీంచి పోతే వాలు, తాడు, వాగు. ఒక్క దారి మాత్రం ఉంది. వాగు మీదుగా విసిరి, అది గాలిలో వంగి వెనక్కి తిరిగొచ్చేలా చేయాలి. ఆ ఒక్క దారినీ ఆమె కావాలనే వదిలింది. అసలు దారే లేకుండా చేస్తే తప్పు తనదవుతుంది. తప్పు తన వైపు ఉండకూడదు.

మామయ్య నడుం మీద చేతులు పెట్టుకుని అదంతా చూశాడు. “ఎవరి మీదే ఇంత కోపం?”

ఆమె గడ్డంతో బోర్డు వైపు చూపించింది.

మామయ్య బోర్డు చూశాడు, కొమ్మ చూశాడు, తాడు చూశాడు. మీసం దువ్వుకున్నాడు. “మరి తాడు పక్కన గడ్డి కొయ్యనా, వద్దా?”

“కొయ్యి మామయ్యా. నున్నగా కొయ్యి.”

“నున్నగా ఉంటే ఇంకా జారతాయే.”

“అందుకే.”

“మా అక్క నోరు నీకు రాలేదని బాధపడేవాణ్ని” అంటూ మామయ్య మిషను దగ్గరికి నడిచాడు. “నోరు రాలేదు గానీ, మిగతాదంతా వచ్చింది.”

మధ్యాహ్నం దాటాక అల్లుడుగారు వచ్చాడు. తెల్ల బూట్లు, చంకలో మడత కుర్చీ. కుర్చీని బోర్డు పక్కన వేసి, కూర్చుని, లేచి, ఇటువైపు వేసి మళ్లీ కూర్చున్నాడు.

“అమ్మాయ్, పొద్దున ఎండ ఎటునుంచి వస్తుంది? కళ్లలో పడకూడదు.”

ఆమె చూపించింది.

“ఇంకో మాట. నేను కోసిన కొమ్మ ఏది? రేపు వీడియోలో చూపించాలి.”

గుసగుస అతని మొహం వంక చూసింది. ఎగతాళి కాదు, నిజంగానే అడుగుతున్నాడు. ఆ ఫొటో చూసీ చూసీ, ఏదో కోసే ఉంటానని అతనికే నమ్మకం కుదిరినట్టుంది. ఆమె సుద్ద గుర్తున్న కొమ్మని చూపించింది.

“అదింకా అలాగే ఉందిగా?”

“మీ కోసమే ఉంచానండీ.”

“ఏంటీ?”

“మీ కోసమే ఉంచాను.”

అతను నవ్వి, ఫోను ఆమెకిచ్చి, బోర్డు పక్కన నిలబడ్డాడు. గుసగుస ఫొటో తీసింది. వెనక్కి రెండడుగులు వేసి, కొమ్మా తాడూ కూడా పడేలా ఇంకొకటి తీసింది.

*

పోటీ రెండు రోజులు. మొదటి రోజు సగం మంది ఆడతారు, రెండో రోజు మిగతా సగం.

గుసగుసకి ఆరో దిమ్మె దగ్గర మంచినీళ్లు పోసే పని. అక్కడి నుంచి ఐదో బుట్ట అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. మొదటి జట్టులో ఒక లావుపాటాయన విసిరిన డిస్కు కొమ్మకి కొట్టుకుని చచ్చిన పిట్టలా కిందపడింది. రెండో ఆయనది మిట్ట మీంచి బుట్ట పక్కనే దిగింది. చప్పట్లు కొట్టబోయారు. డిస్కు కదిలింది. తాపీగా జారుకుంటూ తాడు దాటి వాగులో మునిగింది.

అల్లుడుగారు ఎర్ర జెండా ఎత్తాడు.

“ఎవరిదయ్యా ఈ బుట్ట?” అన్నాడు రెండో ఆయన. పక్కవాడు బోర్డు చదివి, పేరు చెప్పాడు. “ఆయన ఎవరు?” “సెక్రటరీగారి అల్లుడట.” “మింగేశాడయ్యా అల్లుడుగారు.”

అంతే. ఆ మాట దిమ్మె నుంచి దిమ్మెకి పాకింది. తర్వాత వచ్చిన జట్లు అల్లుడుగారి బుట్ట ఏదని అడుగుతూనే వచ్చాయి.

“అల్లుడికి ఎంత పెట్టినా ఆకలే.”

“కొత్త డిస్కు సమర్పించుకున్నాం కదండీ, ఇంకా అలక తీరలేదా?”

“మా అల్లుడొక్కడే ఇలా అనుకున్నా. ఊరూరా ఉన్నారన్నమాట.”

మొదట్లో అల్లుడుగారు కూడా నవ్వాడు. తర్వాత జెండా ఎత్తిన చెయ్యి దించే సందు దొరకలేదు. డిస్కు ఎక్కడ హద్దు దాటిందో జెండా మనిషే చూపించాలి, మునిగినదాన్ని వెతికి తీయాల్సిందీ తనే. తెల్ల బూట్లు ఒకసారి వాగులో దిగాయి, తర్వాత వాటి రంగు ఎవరికీ గుర్తులేదు. మడత కుర్చీ ఖాళీగా ఉంది. మధ్యాహ్నానికి అతను సందు దొరికినప్పుడల్లా వెళ్లి బోర్డుకి అడ్డంగా నిలబడటం మొదలుపెట్టాడు. బోర్డు వెడల్పు, అతను సన్నం. పేరు రెండు వైపులా కనిపిస్తూనే ఉంది.

గుసగుస నీళ్లు పోస్తూ ప్రతి మాటా విన్నది. ఎండ మండుతున్నా ఆమెకి ఒళ్లంతా చల్లగా ఉంది. ఒకాయన మరీ మోటుగా తిట్టినప్పుడు ఆయన గ్లాసు ఇంకోసారి నింపింది.

ఆమె ఈడు అమ్మాయి ఒకతె వచ్చింది ఆ తర్వాత. రెండు జడలు, మోకాలికి కట్టు. పిల్లల్లో అప్పటిదాకా ఆ అమ్మాయే ముందుందని మామయ్య చెప్పాడు. మొదటి డిస్కు తాడు దాటింది. రెండోదీ దాటింది. మూడోది బుట్ట అంచుని ముద్దు పెట్టుకున్నట్టు తాకి, నున్నటి గడ్డి మీద పడి, జారిపోయింది. ఆ అమ్మాయి దాని వెంటే పరిగెత్తి, తాడు దగ్గర ఆగి, అది మునిగేదాకా చూసింది. వాగులో దిగి తనే తెచ్చుకుంది.

ఆరో దిమ్మె దగ్గరికి వచ్చి గ్లాసు చాచింది.

“ఈ బుట్ట ఎవరు కట్టారో నీకు తెలుసా?”

బోర్డు మీద ఉందిగా అంటే సరిపోయేది. ఆ మాట గుసగుస నోటి దాకా వచ్చింది. గ్లాసు నిండి నీళ్లు ఆ అమ్మాయి మణికట్టు మీంచి కారుతున్నా ఆపడం మర్చిపోయింది. ఆ అమ్మాయి పక్కకెళ్లి గడ్డిలో కూర్చుని, మేజోడు తీసి నీళ్లు పిండుకుంది, కళ్లు తుడుచుకుంది.

తాడుకి ఎవరు అల్లుడో ఎవరు కాదో తెలియదు. ఆ సంగతి గుసగుస అంతవరకూ అనుకోలేదు.

*

సాయంత్రం గుడారం కింద అందరూ చేరారు. సెక్రటరీ మైకు పట్టుకుని రోజంతా బ్రహ్మాండంగా గడిచిందని చెప్పబోతుంటే వెనక బల్లల మీద దరువు మొదలైంది.

“ఐదోది సంగతి తేల్చండి ముందు.”

“అక్కడ బుట్ట పెట్టింది ఎవరు? తాడు కట్టింది ఎవరు?”

“అడగడమెందుకు? బోర్డు మీద పేరుంది కదా. పిలవండి శ్రమజీవిని.”

నవ్వులు. అల్లుడుగారు మోకాళ్ల దాకా బురదతో ముందు వరసలో ఉన్నాడు. సెక్రటరీ మొహం ఎర్రబడింది. గుసగుస నీళ్ల డ్రమ్ము పక్కన నిలబడి ఉంది. అమ్మ అప్పుడే కుట్టుపని ముగించి వచ్చి గుడారం గుంజ దగ్గర నిలబడింది. అల్లుడుగారు నేనే కట్టానంటే తిట్లన్నీ అతని నెత్తిన పడతాయి. కాదంటే బోర్డు అబద్ధమవుతుంది. ఎటు కదిలినా ముల్లే.

మైకు చేతులు మారి అల్లుడుగారి దగ్గరికి వచ్చింది.

“నేను కాదండీ” అన్నాడు అతను. “నాకేం తెలీదు. నేను ఒక ఫొటో దిగాను, అంతే. అదిగో, ఆ పిల్ల. చలికాలమంతా అక్కడే ఉంది. పొదలు కోసింది ఆ పిల్లే, వేళ్లు పీకింది ఆ పిల్లే. బుట్ట పెట్టింది, తాడు కట్టింది, కొమ్మ వదిలేసింది, అంతా ఆ పిల్లే. తిట్టేదేదో తననే తిట్టండి.”

అన్ని తలలూ నీళ్ల డ్రమ్ము వైపు తిరిగాయి.

ఆమె చేసిన పనిని అంత వివరంగా ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. మొన్న బోర్డు దగ్గర వినాలనుకున్న మాటలే అవి, ఒక్కటీ తగ్గలేదు. చప్పట్లే లేవు. రెండు జడల అమ్మాయి కూడా తిరిగి చూస్తోంది.

సెక్రటరీ మైకు లాక్కుని గబగబా వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. “నువ్వా తల్లీ? నువ్వు కాదు కదా? ఎవరో చెబితే కట్టి ఉంటావు.” మైకు ఆమె నోటి ముందు పెట్టాడు, గుసగుస ఎలాగూ వినపడదన్న ధైర్యంతో.

ఆమె అమ్మ వైపు చూసింది. అమ్మ కళ్లజోడు సర్దుకుంది, అంతే.

“నేనే” అంది గుసగుస.

ఆ మాట గుడారం నాలుగు మూలలా ఉన్న స్పీకర్లలోంచి వచ్చి, వాగు అవతలి గట్టుకి తగిలి తిరిగొచ్చింది. ఆమె ఉలిక్కిపడింది. అయినా వెనక్కి తగ్గలేదు, మైకుని తన చేతిలోకి తీసుకుంది.

“నేనే కట్టాను. ఎక్కడ పెట్టాలని మిమ్మల్ని అడిగాను. నీ ఇష్టం అన్నారు. నా ఇష్టప్రకారం పెట్టాను.”

మామయ్య దగ్గాడు. దగ్గు కాదది.

“రేపటికల్లా మార్చెయ్యాలి” అన్నాడు సెక్రటరీ. “బయలులో ఉన్న గొట్టంలో పెట్టెయ్. తాడు తీసెయ్.”

“మార్చడానికి వీల్లేదు.”

రెండు జడల అమ్మాయి లేచి నిలబడింది. తడి మేజోళ్లు చేతిలో ఉన్నాయి. “ఇవాళ మునిగింది మేము. రేపు ఆడేవాళ్లకి బయలులో పెడతారా? వాళ్లు పొడి కాళ్లతో ఇంటికెళ్తారా?”

లావుపాటాయన బల్ల చరిచాడు. “అదీ మాట. వాళ్లూ మునగాలి.”

“మునగాలి, మునగాలి” అన్నాయి ఆ రోజు ఆడిన గొంతులన్నీ. రేపు ఆడాల్సినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సెక్రటరీ మైకు కోసం చెయ్యి చాచాడు. గుసగుస అది ఇంకా పట్టుకునే ఉందని అప్పుడు చూసుకుని ఇచ్చేసింది.

ఇంటి మలుపు దగ్గర అమ్మ ఆగి, “రేపు ఆ కొత్త చొక్కా వేసుకుని వెళ్లు” అంది.

*

మర్నాడు రెండు జడల అమ్మాయికి ఆట లేదు. అయినా పొద్దున్నే వచ్చి ఆరో దిమ్మె దగ్గర గుసగుస పక్కన కూర్చుంది.

“నిన్ను క్షమించలేదు” అంది. “వీళ్లు మునుగుతుంటే చూడ్డానికి వచ్చాను.”

గుసగుస కాస్త జరిగి చోటిచ్చింది. ఇద్దరూ గ్లాసులు కడుగుతూ చూశారు. డిస్కులు కొమ్మకి కొట్టుకున్నాయి, మిట్ట మీంచి జారాయి, వాగులో మునిగాయి. కొత్త మాట అప్పటికే పుట్టింది. “గుసగుస మింగేసింది” అంటున్నారు ఆటగాళ్లు. మింగించుకున్నాక దిమ్మె పక్కన బోర్డు చదివి, “ఫొటో శ్రమజీవి ఈయనేనా?” అని అల్లుడుగారిని తేరిపార చూసి మరీ కదులుతున్నారు.

ఎండ వాలే వేళకి ఒక నెరిసిన జుట్టావిడ వచ్చింది. దిమ్మె మీద నిలబడి కొమ్మని చూసింది, మిట్టని చూసింది. తర్వాత వాగు వైపు తిరిగి, బుట్టే అక్కర్లేదన్నట్టు అటు విసిరింది. డిస్కు నీళ్ల మీదుగా పోయి, గాలిలో వంగి, వెనక్కి తిరిగి, గొలుసుల మధ్యలో పడింది. ఆ చప్పుడుకి ఆడపిల్లలిద్దరూ లేచి నిలబడ్డారు.

“దారి ఉందన్నమాట” అంది రెండు జడల అమ్మాయి.

“ఉంది.”

“ఇవాళా చెప్పేది?” అంది. గ్లాసులో మిగిలిన నీళ్లు గుసగుస కొత్త చొక్కా మీద చల్లింది. గుసగుస తుడుచుకోలేదు.

*

పోటీ అయిపోయిన మర్నాడు తాళ్లు చుట్టి, కర్రలు పీకి, బుట్టలన్నీ మామూలు చోట్లకి మార్చాలి. గుసగుస ఐదో బుట్ట దాకా వచ్చి, తాడు చుట్టి, బుట్ట దగ్గర ఆగింది. బోల్టు ముట్టుకోలేదు. బయలులో ఉన్న గొట్టానికి మూత పెట్టి, మడమతో గట్టిగా తొక్కింది.

వెనకాల ఎవరో వచ్చిన అలికిడైంది. అల్లుడుగారు. ఇవాళ మామూలు చెప్పులు వేసుకున్నాడు.

“అమ్మా” అన్నాడు. ఇంతకుముందు అమ్మాయ్ అనేవాడు. “ఒక చిన్న సాయం చెయ్యాలి. ఈ బోర్డు...”

ఆమె చూస్తోంది.

“మామగారు తీయరు. తీస్తే తప్పు చేసినట్టు ఒప్పుకోవాలి కదా. వచ్చినవాళ్లల్లా చదివి నవ్వుతున్నారు. నిన్న ఒకాయన పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి మరీ చూపించాడు. స్పానరు నీ దగ్గరే ఉంది కదా. ఎవరో ఊడదీసుకుపోయారని చెబుతాను. నెల తిరక్కుండా ఇక్కడ నీ పేరే పెట్టిస్తాను, ఒట్టు.”

గాలికి బోర్డు కొద్దిగా కదిలి కిర్రుమంది. పై బోల్టు ఒకటి వదులైనట్టుంది. గుసగుస బోర్డు దగ్గరికి వచ్చింది. అక్షరాల మీద బురద చిందులు ఉంటే చొక్కా చేతితో తుడిచింది. పేరు మళ్లీ తళతళలాడింది. నడుముకున్న స్పానరు తీసి బోల్టుకి తగిలించింది.

అల్లుడుగారు హమ్మయ్య అనుకుని, ఊడితే కింద పడకుండా రెండు చేతులతో బోర్డుని పట్టుకున్నాడు.

ఆమె స్పానరుని కుడివైపుకి తిప్పింది. మళ్లీ తిప్పింది. తర్వాతి బోల్టు దగ్గరికి వెళ్లింది.

“అది బిగుసుకుంటోందమ్మా” అన్నాడతను.

“అవునండీ” అంది గుసగుస. దూరాన గడ్డి మిషను మీద ఉన్న మామయ్య కూడా తల తిప్పి చూశాడు. “నాకు గుడ్డ లాగడం వరకే చెప్పారు. బోర్డు తీయమని ఎవరూ చెప్పలేదు. కాస్త గట్టిగా పట్టుకోండి, ఇంకా రెండు ఉన్నాయి.”